పంపు బెల్టు

చిట్యాలలో మెకానిక్ దుకాణం దగ్గర బెల్టు కాలిన వాసన వస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నా చిన్నప్పుడు బాపు కాల్వలోకి వాలుగా గొట్టం పంపు దించాడు. "లోపల ఫ్యాను రెక్కలుంటయి బిడ్డా. నీళ్లను తిన్నగ ముందుకు నూకుతయి. ఎక్కువ ఎత్తుకు ఎక్కియ్యవు గని, పొలానికి మస్తు నీళ్లొస్తయి," అన్నాడు.

అంతలో, పంపును తిప్పే ఇంజన్ బెల్టు పక్కనే గడ్డి కోస్తున్న అమ్మ కొంగును పట్టేసింది. కొంగు మెడకు బిగుసుకుని ఆమెను ఈడ్చుకుపోతోంది; బెల్టు కాలిన వాసన గుప్పుమంది. బాపు పరుగెత్తి, ఆమె చేతిలోంచి జారిన కొడవలి అందుకుని ఎత్తాడు. అమ్మను నరుకుతున్నాడనుకుని నేను రాయి విసిరాను. నుదురు పగిలి నెత్తురు కళ్లలోకి కారుతున్నా, ఆయన కొంగు కోసి అమ్మను ఇవతలికి లాగాడు.

అమ్మ దగ్గుతూ, "బాపును ఎందుకు కొట్టినవే?" అంది.

"నీ మీద చెయ్యెత్తినోని తల పలగ్గొడ్తది గిది," అన్నాడు బాపు అమ్మతో, నన్ను చూపిస్తూ.

తిట్టాడనుకుని ఆ రోజంతా ఏడ్చాను. అది మెచ్చుకోలని పెద్దయ్యాకే అర్థమైంది.