కొసలతో అల్లిన నక్షత్రం

మొన్న మా మనవరాలికి ఒక పెట్టె వచ్చింది. తెచ్చిన కుర్రాడు ఫోనుకొచ్చిన నంబరు చెబితే గానీ ఇవ్వనని గుమ్మంలో భీష్మించుకుని నిలబడ్డాడు. తీరా పుచ్చుకుని విప్పితే పెట్టెలో ఇంకో పెట్టె, దాంట్లో గాలిబుడగల కాగితం, దాని లోపల మళ్ళీ కాగితం, ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోతే చిట్టచివర ఒక కాఫీ కప్పు తేలింది. క్రిస్మస్‌కి వాళ్ళ ఆఫీసులో పేరు చెప్పకుండా ఒకరికొకరు కానుకలు ఇచ్చుకుంటారట. కప్పు మీద ఇంగ్లీషులో ఏదో ఉంటే ఏంటే అది అని అడిగాను. ప్రపంచంలో నీలాంటిది ఇంకొకతి లేదు అని రాసుందట. ఇలాంటి కప్పులు ఆ కొట్లో ఇంకెన్ని ఉన్నాయో కనుక్కోవే అన్నాను. మనవరాలు మూతి తిప్పుకుని లోపలికి పోయింది. నా నోరు అంతే, చిన్నప్పటి నుంచీ దానికి తలుపు లేదు.

కానీ ఆ పిల్ల వెళ్ళాక ఒక్కదాన్నీ కూర్చుని ఆలోచిస్తే, పేరు చెప్పకుండా కానుకలిచ్చే ఈ ఆట మాకేం కొత్త కాదు సుమా అనిపించింది. నా ఈడువాళ్ళు, అందునా మా డెల్టా చర్చిల్లో పెరిగినవాళ్ళు, చీటీలు తీసి కానుకలిచ్చుకున్న రోజులు మరిచిపోయి ఉండరు. అందులో ఒక ఏడాది నాకు అందిన కానుక గురించి ఇవాళ చెప్పాలనిపిస్తోంది. ఇన్నేళ్ళలో నేను హాస్యమాడలేకపోయింది దాని దగ్గర ఒక్కచోటే.

మాది నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో లేసు అల్లుకుని బతికే పేట. మగవాళ్ళు పొలం పనికి పోతే ఆడవాళ్ళందరం అరుగుల మీద కొక్కెం సూది, దారపు ఉండ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. నేను ఏడో తరగతి దాకా చదివాను. లెక్కల మాస్టారికీ నాకూ కుదరలేదు, ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోక తప్పదనుకుంటే ఆయనకి జీతం వస్తోంది కదా అని నేనే వచ్చేశాను. అలా బడి వదిలి అరుగెక్కాను. అరుగు మీద నా పంతులమ్మ మా నానమ్మ.

లేసు పనికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఏజెంటు తెల్లదారం తూచి ఇచ్చి, అల్లిన లేసు మళ్ళీ తూచి తీసుకునేవాడు. దారం తగ్గినా, అల్లిక పాడైనా ఆ కొరత మన మీదే పడేది. ముడి పైకి కనపడినా, తెలుపులో ఇంకో రంగు నలుసంత తగిలినా ఆ ముక్క మొహాన కొట్టేవాడు. చివర్లో కత్తిరించగా మిగిలే వేలెడేసి కొసలు మాత్రం ఎవరికీ పనికిరావు గనక మనవే. వాటిని ఊడ్చి రేకు డబ్బాలో వేసుకుని, నిండాక దిండ్లలో కూరుకునేవాళ్ళం. అందరి ముక్కల్నీ ఎండకి పట్టి వెతికే ఏజెంటు నానమ్మ ముక్కని మాత్రం విప్పి చూసేవాడు కాదు, తూచి సంచిలో వేసుకునేవాడు. మా పేటలో అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

అలాంటి మనిషికి చూపు పోయింది. ముందు మసక, తర్వాత పొగ, ఆ తర్వాత వెలుగూ చీకటీ తేడా తప్ప ఏమీ లేదు. పెద్దాసుపత్రిలో చూపిస్తే ఇక రాదన్నారు. ఏజెంటు మర్యాదస్తుడే, మీరింక విశ్రాంతి తీసుకోండి మామ్మగారూ అని నమస్కారం పెట్టి, దారం ఇవ్వడం మానేశాడు. ఆవిడ సూదిని తీసి చూరులో గుచ్చేసింది, చర్చికి రావడం కూడా మానేసింది. మేం ఆవిడ ముందు లేసు మాట ఎత్తడం మానేశాం, పళ్ళు పోయినవాళ్ళ ఎదురుగా చెరుకు నమలకూడదని. అమ్మా నేనూ సూదులు పట్టుకుని పక్కింటి పిన్ని అరుగు మీదికి మారిపోయాం. అది ప్రేమే అనుకున్నాం.

ఆ ఏడు కోతల ముందు తుఫాను వచ్చింది. పండిన చేలు నీళ్ళలో పడుకున్నాయి. కోత లేదు, కూలి లేదు, పేటలో ఎవరింట్లోనూ కొత్తబట్టల మాట లేదు. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం మా చర్చి స్త్రీల సమాజంలో చీటీల కానుకలు ఇచ్చుకోవడం మాకు రివాజు. ఈసారి మానేద్దామా అని అందరూ గొణుక్కుంటుంటే, మా అయ్యగారి భార్య, అంటే పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారూ అని పిలిచే ఆవిడ, ఒక్క షరతుతో జరుపుదామంది. ఎవరూ ఏమీ కొనకూడదు, ఎవరి చేతులతో వాళ్ళు చెయ్యాలి, అదీ ఇంట్లో పడి ఉన్నవాటితోనే. పుట్టిన యేసుకి జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారని బైబిల్లో ఉంది కదండీ అమ్మగారూ, మా ఇంట్లో కొబ్బరి డొక్కలు, బూడిద, అప్పడాల కర్ర ఉన్నాయి, సరిపోతాయా అని అడిగాను. దండిగా సరిపోతాయంది.

నానమ్మ మాత్రం చీటీ తియ్యనంది. అమ్మగారు స్వయంగా ఇంటికి వచ్చి అడిగినా మంచం మీంచి కదల్లేదు.

"ఇచ్చే చెయ్యి పోయిందమ్మా. పుచ్చుకునే చెయ్యి ఒక్కటీ చాచుకుని నేను గుడి మెట్లెక్కను."

ఆ మాట విన్నాక మాకు అర్థమైంది. చూపు పోయినందుకు కాదు ఆవిడ చర్చి మానేసింది. అందరూ ఏదో ఒకటి చేసే పేటలో తానొక్కతే ఏమీ చెయ్యని మనిషైపోయాననే సిగ్గుకి. ఈ క్రిస్మస్‌కి కూడా రాకపోతే ఇక ఎప్పటికీ రాదని అమ్మ భయం. అమ్మగారే తను తెచ్చిన చీటీల డబ్బాలోంచి ఒకటి తీసి, చదివి, నానమ్మ చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయింది. ఎవరి పేరే అని ఎంత పోరినా నానమ్మ నోరు విప్పలేదు. "పోవే వాగుడుకాయా, నీకు చెబితే కాలవ అవతలికి వినపడుద్ది" అంది. మర్నాడు అమ్మని పిలిచి కొసల డబ్బా అడిగింది. దిండు కుట్టుకుంటుంది కాబోలు, ఏదో కాలక్షేపం అని అమ్మ తీసిచ్చింది.

ఇక నా చీటీలో పక్కింటి పిన్ని పేరు వచ్చింది. వేడి గిన్నె దించుకోవడానికి కొబ్బరి పీచుతో ఒక చుట్ట చేద్దామని కూర్చున్నాను. చేశాక అది చుట్టలా లేదు, వానకి తడిసి చచ్చిన కాకిలా ఉంది. పిన్ని దాన్ని చాలాకాలం వాడింది పాపం, పిల్లులు ఇంట్లోకి రాకుండా.

ఆ మధ్యాహ్నం చర్చి ఆవరణలో తాటాకు పందిరి కింద ఈతాకు చాపలు పరిచారు. కానుకలు చూడాలి మీరు. కొబ్బరి చిప్పకి వెదురు పిడి తొడిగిన గరిటె, పాత చీర అంచు కుట్టిన తాటాకు విసనకర్ర, ఒక్కొక్క ఈనే ఏరి ముద్దుగా కట్టిన చీపురు. ఒకావిడ ఏమీ చెయ్యలేకపోయానమ్మా అని లేచి నిలబడి, వచ్చే క్రిస్మస్ దాకా నీ మీద ఎవరికీ చాడీలు చెప్పను అని తన చీటీలో వచ్చిన తోడికోడలికి మాటిచ్చింది. మిగతా అందరివీ వస్తువులు, ఆవిడది త్యాగం.

నవ్వులింకా ఆగకుండానే గేటు దగ్గర చప్పుడు తగ్గింది. చూస్తే అమ్మ భుజం పట్టుకుని నానమ్మ వస్తోంది. ఉతికి ఉతికి మెత్తబడిన తెల్లచీర, చేతిలో పాతగుడ్డ మూట. వచ్చి, నా మనవరాలెక్కడ అంది. అమ్మగారు చెవిలో చెప్పిన పేరు నాదే.

మూట విప్పాను. అన్నం పళ్ళెమంత నక్షత్రం. మధ్యలో పువ్వు, పువ్వు చుట్టూ జాలీ, జాలీలోంచి సాగిన మొనలు. ఒక్కొక్క మొనా బల్లెంలా నిటారుగా ఉంది. వేలెడేసి కొసల్ని ఒకదానికొకటి ముడేసుకుంటూ, ఆ ముడిని అల్లికలో దాచుకుంటూ, కన్ను లేకుండా, చేతి వేళ్ళతో తడుముకుంటూ మేం పిన్ని అరుగు మీద కూర్చున్న మధ్యాహ్నాలన్నీ చూరులో సూది మళ్ళీ తీసుకుని పెరట్లో అల్లిందది. తిరగేసి చూశాను, మడిచి చూశాను. అది ముడుల మీద ముడులతో కట్టిన వస్తువు. ఒక్క ముడి నా కంటికి దొరకలేదు.

అయితే అది తెల్లగా లేదు.

తుఫాను తర్వాత ఏజెంటు మొట్టమొదటిసారి రంగుదారం తెచ్చాడు. పరాయి దేశంలో ఎవరికో రంగుల మీద మోజు పుట్టిందట. అమ్మ ఆ పనే చేస్తోంది, కొసలు అలవాటుగా ఆ డబ్బాలోనే వేస్తోంది. ఆవిడ ముందు లేసు మాట ఎత్తకూడదని ఒట్టేసుకున్నాం కదా, పేటకి రంగులొచ్చాయన్న సంగతి నానమ్మకి ఎవరూ చెప్పలేదు. తెల్ల నక్షత్రం అల్లుతున్నాననుకుంటూ ఆవిడ ఎరుపూ నీలం పసుపూ పచ్చా కలగలిపి అల్లేసింది. లేసు ఎరిగినవాళ్ళ కళ్ళకి అది ఏజెంటు మొహాన కొట్టే ముక్క. పందిరి కింద ఉన్నవాళ్ళంతా లేసు ఎరిగినవాళ్ళే. పిన్ని నోటి నుంచి అయ్యో అని చిన్నగా వచ్చేసింది.

"ఏంటే? ముడి కనపడిందా?" అంది నానమ్మ.

"ఒక్కటీ కనపళ్ళేదు నానమ్మా."

"మరి మాట్లాడవేంటి? నీ నోరు ఆగిందంటే ఎక్కడో కొంప మునిగింది."

అమ్మ వెనకనుంచి నా జబ్బ గిల్లింది. ఆ గిల్లుడుకి అర్థం తెలుసు, తెల్లగా ఉందని చెప్పెయ్యమని. చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ ఎదురుగా ఆవిడ మొహం. ముక్క తూకానికి పెట్టి, ఏజెంటు మాట కోసం చూసే లేసు పనిగత్తె మొహం. ఆ మొహానికి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"తెలుపు కాదు నానమ్మా. రంగులున్నాయి."

ఆవిడ చేతులు ముందుకొచ్చాయి, ఆ నక్షత్రాన్ని వెనక్కి లాక్కోవడానికి. "పాడైందన్నమాట. ఇటియ్యి."

నేను ఇవ్వలేదు.

"పేటకి రంగుదారం ఎప్పుడొచ్చింది?" అంది అమ్మ ఉన్నవైపు తిరిగి.

"తుఫాను తర్వాతండి అత్తయ్యా. మీరు బాధపడతారని చెప్పలేదు."

"కళ్ళు పోయాయి గానీ చెవులున్నాయి కదమ్మా," అంది నానమ్మ. కోపంగా కాదు, మెల్లగా. "చెప్తే వినేదాన్ని."

అమ్మ కళ్ళు దించుకుంది. నాకేం చెయ్యాలో తోచక, ఆవిడ వేలు పట్టుకుని నక్షత్రం మధ్యలో ఆనించి, ఇక్కడ ఎరుపు అన్నాను. వేలు వెనక్కి తీసుకుంటుందేమో అనుకున్నాను. తీసుకోలేదు. కాసేపు అక్కడే ఉంచి, "ఏ ఎరుపే?" అంది.

"పండుమిరప ఎరుపు."

"ఎండిందా, పచ్చిదా?"

"చెట్టు మీదున్నది."

వేలు పక్కకి జరిగింది. అమ్మ ముందుకొచ్చి, ఇక్కడ పచ్చండి అత్తయ్యా, నారుమడి పచ్చ అంది. పిన్ని వంగి, ఇక్కడ నీలం పెద్దమ్మా అంది. ఏ నీలమే, గోదారా అని అడిగింది నానమ్మ. మన గోదారెప్పుడు నీలంగా ఉంది పెద్దమ్మా, వరదొస్తే ఎరుపే కదా, ఇది బట్టలకి పెట్టే నీలిమందు అంది పిన్ని. నానమ్మ నవ్వింది. చూపు పోయాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. అమ్మగారు వచ్చి పసుపు చెప్పింది, పండు మామిడి చెంప మీద ఉండే పసుపు. ఆ తర్వాత ఇక వరుస లేదు, పందిరి కింద ఆడవాళ్ళంతా చుట్టూ మూగి, ఇదుగో ఇటు చూడండి, కాదు ఇటు అంటూ ఆవిడ వేలుని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నారు. ఆవిడ ఒక్కో ముక్క దగ్గరా ఆగి, అడిగి, విని, తల ఊపి ముందుకు పోయింది. జీవితమంతా తెల్లదారం తప్ప ముట్టని మనిషి, కళ్ళు పోయాక రంగులన్నీ ఒక్కసారే చూసింది. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. హాస్యానికి ఒక్క మాటా రాలేదు.

చివరికి వేలు మొన మీద ఆగాక, "ఏజెంటు చూస్తే తిరగ్గొడతాడు," అని తీర్పు చెప్పి, "నీకు సరిపోద్దిలే" అంది నాతో. చాప మీద అందరి మధ్యలో చోటు చూసుకుని కూర్చుంది. తనకొచ్చిన చీపురుని ఒళ్ళో పెట్టుకుని, ఈనెలు ఒక్కొక్కటీ తడిమి, బాగా ఏరావే అని ఇచ్చినావిడని మెచ్చుకుంది. మర్నాటి నుంచి మా సూదులు పిన్ని అరుగు మీంచి మా అరుగుకి తిరిగొచ్చాయి. ఇంటింటి కొసలూ నానమ్మ డబ్బాకే చేరేవి. తెలుపు ఎవరైనా తెస్తే, దిండ్లలో కూరుకోండి అని వెనక్కి ఇచ్చేసేది.

ఇప్పుడు మా పేటలో అరుగులు లేవు, మెట్లూ గేట్లూ వచ్చాయి. లేసు మిషన్లు అల్లుతున్నాయి, ముడి ఉండదు, తప్పు ఉండదు. కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరకి ఊళ్ళు మారారు. ఆ నక్షత్రాన్ని ఏటేటా క్రిస్మస్‌కి ఉతికి కిటికీకి కడతాను. ఇన్ని ఉతుకులకి రంగులన్నీ వెలిసి, కొత్తగా చూసినవాళ్ళు పాత తెల్లలేసు అనుకుంటున్నారు. నేను మాత్రం కట్టేముందు మొన మీద వేలు పెట్టి మెల్లగా మధ్యకి జరుపుతాను. పచ్చ దగ్గర మా అమ్మ గొంతు, నీలం దగ్గర పిన్ని గొంతు, పసుపు దగ్గర అమ్మగారి గొంతు. వాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. ఎరుపు దగ్గరికొచ్చేసరికి, ఏ ఎరుపే అని అడిగేవాళ్ళు లేక, చెట్టు మీదున్నది అని నాకు నేనే చెప్పుకుంటాను.