నేను చదవకుండా అతికించిన కాగితం

మా ఊరి చరిత్ర సంఘానికి ఇరవై ఒక్క ఏళ్లుగా కార్యదర్శిని నేనే. చదివింది పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా. ఒకే గది, ఒకే పంతులు. అయినా సంఘంలో ఉన్న నూట తొంభై మూడు పెట్టెల మీది చీటీలన్నీ నా దస్తూరీయే. అంతకుముందు ముప్పై మూడేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగు చేశాను. గంటకు పద్నాలుగు వందల ఉత్తరాలు గూళ్లలోకి విసిరేవాణ్ని, ఒక్కటి తప్పు గూట్లో పడితే ఒట్టు. రిటైరైన రోజున పై అధికారి నా చేతులు పట్టుకుని, ఇవి చేతులు కావు మరలు అన్నాడు. మెచ్చుకోలు పత్రాలు రెండున్నాయి, ఫ్రేము కట్టించాను.

మా పత్రిక ఈసారి సంచికకు, చిరిగిన కాగితాలు బాగుచేసే జిగురక్క గురించి రాయమని సంఘం వాళ్లు అడిగారు. ఆమె గురించి రాయడానికి కూర్చుని ముందు నా గొప్పలు ఏకరువు పెట్టడం బాగోదని తెలుసు. కానీ నా చేతుల వేగం సంగతి చెప్పకపోతే ఆమెకు జరిగింది మీకు అర్థం కాదు.

సంఘం గదులు మేడమీద ఉంటాయి. కింద కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. ఆ దుకాణాయన మిషన్ తొక్కి చూసినప్పుడల్లా పైన మా బల్లలు వణుకుతాయి. వెనక గదిలో, వెలుతురొచ్చే కిటికీ పక్కన జిగురక్క బల్ల. ఆమె నోటుపుస్తకాల కార్ఖానాలో కుట్టుపని చేసి, అది మూతపడ్డాక మా దగ్గరికి వచ్చింది. నేను చేరేనాటికే నాలుగేళ్లుగా ఉంది. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ జిగురక్కే. నేను మాత్రం అమ్మాయ్ అనేవాణ్ని, నన్ను ఆమె బాబాయ్ అనేది.

పొద్దున్నే వచ్చి మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, గుడ్డలో వడగట్టి చల్లార్చేది. చిరిగిన కాగితాన్ని తడిగుడ్డల మధ్య మెత్తబరిచి, వెనకవైపు ఉల్లిపొర కాగితం పరిచి, సన్నని బ్రష్‌తో జిగురు రాసి, పైన పలక పెట్టి, దాని మీద రాయి పెట్టేది. రోజుకు రెండు కాగితాలు. మనసు బాగుంటే మూడు. పని మొదలుపెట్టే ముందు ప్రతి కాగితాన్నీ పెదవులు కదుపుతూ చివరిదాకా చదివేది. నాకు అదే ఒళ్లు మండేది.

"అతికించడం కదమ్మాయ్ నీ పని. చదవడం దేనికి?" అన్నానొకసారి.

"అక్షరం ఎక్కడుందో తెలియకుండా బ్రష్ ఎక్కడ పెట్టను బాబాయ్? మీరు ఉత్తరాలు చదవకుండా పంచినట్టనుకున్నారా?"

"చదివుంటే నా ఉద్యోగం ఊడేది."

"నాకు చదవకపోతే ఊడుతుంది. ఆ కత్తెర ఇటివ్వండి."

ఇలా మాటకు మాట అంటించేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. లోపల మాత్రం, ఈ లెక్కన పని ముగిసేసరికి కాగితాలతోపాటు మేమూ మట్టిలో కలుస్తామని అనుకునేవాణ్ని.

పదిహేడేళ్ల కిందట పెద్ద మ్యూజియం వాళ్లు మా సంఘాన్ని చూడటానికి వస్తున్నామని రాశారు. వాళ్లకు నచ్చితే గుర్తింపు. గడువు పన్నెండు రోజులు. సరిగ్గా అప్పుడే జిగురక్క కూతురికి నెలలు నిండాయి. పురుడు పోయడానికి వెళ్తూ, ఎర్ర నాడా కట్టిన ఒక కట్టను బీరువా అడుగున పెట్టింది.

"ఇది మాత్రం ముట్టుకోకండి బాబాయ్. చెయ్యి కుదురుగా ఉన్న రోజు చూసి నేనే చేస్తా."

సరేనన్నాను.

ఆమె వెళ్లిన మర్నాడే పారదర్శకంగా ఉండే సెల్లోటేపు చుట్టలు నలభై కొనుక్కొచ్చాను. పదకొండు రోజుల్లో నాలుగు వందల పన్నెండు కాగితాలు అతికించాను. పైన తేదీ, శీర్షిక చూడటం, చిరుగు మీద టేపు లాగడం, పెట్టెలో పడేయడం. పాత చేతివాటం తిరిగొచ్చింది. ఆఖరి రోజున ఇంకా ఒక పూట మిగిలింది. ఆ మిగిలిన పూట ఎర్ర నాడా కట్ట విప్పాను. అందులో మేస్త్రీ ఒకడు సిరాతో రాసిన పొడుగు కాగితం ఒకటుంది. మా ఊరి వంతెన కట్టేటప్పుడు పరంజా కూలి ఏటిలో పడి చనిపోయిన ఇరవై ఏడుగురి జాబితా అది. మడతల దగ్గర మూడు ముక్కలైంది. నేను పై వరుస చూశాను. కింద పేర్లు చూడలేదు. మడతల మీదుగా అడ్డంగా టేపు లాగి, కేటలాగులో "వంతెన ప్రమాదం, పేర్ల జాబితా, ఒక కాగితం" అని రాసి మూత పెట్టాను.

గుర్తింపు వచ్చింది. నా రెండో మెచ్చుకోలు పత్రం అదే.

జిగురక్క తిరిగొచ్చి ఆ పెట్టె తెరిచింది. టేపు అంచును గోటితో తట్టి చూసింది. టేపు అప్పుడు గాజులా ఉండేది, కింద అక్షరాలు స్పష్టంగా కనబడేవి. లాగితే కాగితం చినుగుతుంది కాబట్టి ఆమె చెయ్యగలిగింది కూడా ఏమీ లేదు.

"దీన్ని చదివారా బాబాయ్?" అంది.

"చదవకుండా అతికిస్తానా అమ్మాయ్?"

నవ్వుతూనే అన్నాను. ఆమె తల ఊపి మూత పెట్టింది. ఆ జాబితాలో, ఆమె ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు పోయిన తండ్రి పేరుందని, ఆయనకు ఫొటో లేదని, ఆయన రాసింది గానీ ఆయన గురించి రాసింది గానీ ఈ లోకంలో ఆ ఒక్క వరుస తప్ప ఇంకేమీ లేదని నాకు తెలియదు. ఆమె చెప్పలేదు. చదివానన్నాను కదా, చదివినవాడు తన పుట్టింటిపేరు చూసి అడుగుతాడని ఎదురుచూసి ఉంటుంది.

నిరుడు వంతెన మొదట్లో చనిపోయినవాళ్ల పేర్లతో రాయి పెడతామని, పేర్లు మమ్మల్ని ఇవ్వమని మునిసిపాలిటీ వాళ్లు అడిగారు. పెట్టె తీశాం. టేపు ఎండి పెళుసై ఊడిపోయింది. అది ఉన్నచోట బంకలాంటి గోధుమరంగు పట్టీలు రెండు మిగిలాయి. ఆ పట్టీల కింద సిరా కరిగి అలుక్కుపోయింది. ఇరవై ఏడు పేర్లలో నాలుగు లేవు. భూతద్దం పెట్టినా, ఎండకు పట్టినా లేవు. జిగురక్క పంతొమ్మిదో వరుస మీద వేలు ఆనించి, తీయలేదు.

"మా నాన్న," అంది. అప్పుడు తెలిసింది నాకు.

ఇప్పుడు మా సంఘం నియమం ఒకటి చెప్పాలి. అదీ నేను పెట్టిందే. ఒకప్పుడు ఊరి పెద్దబావిని తవ్వించింది మా తాత అంటే మా తాత అని మూడు కుటుంబాలు మా మెట్ల మీద జుట్లు పట్టుకున్నాయి. అప్పట్నుంచి కాగితంలో లేని పేరు సంఘం ఇవ్వదు, ఇంటివాళ్ల మాట సాక్ష్యం కాదు అని రాసి గోడకు తగిలించాను. కాబట్టి కూతురే ఎదురుగా ఉన్నా ఆమె తండ్రి పేరు రాయి మీదికి వెళ్లడానికి వీల్లేదు.

మా అధ్యక్షుడు మందుల షాపాయన. ఆయనే దారి వెతికాడు.

"అతికించేముందు చదివానని మీరు జిగురక్కతో అన్నారటగా. పంతొమ్మిదో వరుసలో ఏముందో మీరు రాసి సంతకం పెట్టండి. అది ఇంటివాళ్ల మాట కాదు, కార్యదర్శి మాట. మధ్యాహ్నం సమావేశంలో ఆమోదించేద్దాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. జిగురక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది. కింద మిషన్ గడగడ కొడుతోంది. దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాను.

"అమ్మాయ్, మీ నాన్న పేరు చెప్పు. రాసేస్తాను, పని అయిపోతుంది."

ఆమె నా మొహంలోకి చూసింది. ఏమడిగానో నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

"చదివానన్నారు కదా బాబాయ్."

తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"ఇరవై ఏళ్లు ఎదురుబల్ల మీద కూర్చున్నాం. మీ నాన్న పేరు, మీ పంతులు పేరు, మీ మొదటి పోస్టుమాస్టరు పేరు, అన్నీ నాకు చెప్పారు. నన్ను ఒక్కసారన్నా అడిగారా?"

"అడగలేదమ్మా."

"అయితే ఇప్పుడు చెప్పను. మీ దొంగ సంతకం మీద మా నాన్న పేరు నిలబడక్కర్లేదు."

అని వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ తలుపు ఎప్పుడూ వేసుకునేది కాదు.

మధ్యాహ్నం సమావేశంలో లేచి నిలబడ్డాను. ముట్టుకోవద్దన్న కట్ట విప్పానని, చదవలేదని, చదివానని అబద్ధమాడానని, పొద్దున ఇంకో అబద్ధానికి సిద్ధపడ్డానని వరసగా చెప్పాను. పదవి వదిలేస్తున్నానని కూడా అన్నాను.

"వదిలేసి ఎక్కడికి పారిపోతారు? కూర్చోండి," అన్నాడు మందుల షాపాయన. "టేపు వేసిన నాలుగు వందల పన్నెండూ అలాగే ఉన్నాయా?"

"అలాగే ఉన్నాయి."

ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత జిగురక్కను పిలిపించాడు.

"అక్కా, నువ్వు ఆ కాగితాన్ని సిరా చెడకముందు చూశావా?"

"టేపు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూశాను."

"కూతురిగా అడగట్లేదు. సంఘంలో కాగితాలు బాగుచేసే మనిషిగా అడుగుతున్నా. పంతొమ్మిదో వరుసలో ఏముంది?"

ఆమె చెప్పింది. ఆయన రాసుకుని చదివి వినిపించాడు. ఆమె సంతకం పెట్టింది. ఆ పక్కన కాగితం పాడవడానికి కారణం నేనని రాసి నేనూ సంతకం పెట్టాను.

"మిగతా మూడు కూడా చెప్పు," అన్నాడాయన.

జిగురక్క కొంగుతో బల్ల అంచు తుడిచింది. తర్వాత అంది:

"మా నాన్న పేరు కనబడగానే కళ్లు నిండిపోయాయి. రెండుసార్లూ అంతే. మిగతావి చదవలేదు. అన్ని కాగితాలూ చదివేదాన్ని, అదొక్కటే చదవలేదు."

"నీ తప్పేం ఉందమ్మా ఇందులో," అన్నాను.

"మీరు మాట్లాడకండి," అంది. కోపం లేదు ఆ గొంతులో. నన్ను బాబాయ్ అనలేదు.

రాయి పెట్టారు. ఇరవై నాలుగు పేర్లు, మూడు ఖాళీ గీతలు. ఆ ముగ్గురి పిల్లలు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో తెలియదు. చుట్టుపక్కల ఊళ్లకు పదకొండు ఉత్తరాలు రాశాను. రెండు తిరిగొచ్చాయి, తక్కినవాటికి జవాబు లేదు.

జిగురక్క ఇప్పుడు నేను టేపు వేసిన కాగితాల బంక ఒక్కొక్కటిగా వదిలిస్తోంది. వారానికి నాలుగైతే గొప్ప. నాకు డెబ్బై తొమ్మిది. రోజూ మేడెక్కి ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె బంక తీసేముందు ప్రతి కాగితాన్నీ పైనుంచి కిందిదాకా చదివి నకలు రాస్తున్నాను. ముట్టుకోవడానికి అనుమతి లేదు, ఆమె పట్టుకుంటే నేను చదవాలి. తొందరపడితే కాగితం వెనక్కి లాక్కుంటుంది.

సాయంత్రాలు వంతెన దాకా నడుస్తాను. రాయి దగ్గర ఆగినవాళ్లలో ఎవరో ఒకరు ఆ గీతలు చూపించి ఇవేమిటని అడుగుతారు. నేను అతికించానని చెబుతాను. వాళ్లకు అర్థం కాదు. మొదటినుంచి చెప్పడం మొదలుపెడతాను.