దూడకని చెప్పి కొన్న కాలీజీరీ

2022 వానాకాలం. మా నాన్న తర్వాత హైదరాబాద్ లాల్‌దర్వాజాలోని మూలికల దుకాణం నేనే చూసుకుంటున్నాను. ఆ రోజు మా వెనక సందులో పాలవ్యాపారం చేసే యాదయ్య వచ్చి కాలీజీరీ అడిగాడు.

కాలీజీరీ అంటే అడవి జీలకర్ర. చామంతి జాతికి చెందిన మన నేల మొక్కే, పొదలా పెరుగుతుంది. ఊదారంగు పూలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, గింజ నోట్లో వేసుకుంటే పొద్దంతా చేదు వదలదు. పశువుల కడుపులో పురుగులకు, మనుషుల చర్మరోగాలకు కొనుక్కుపోతారు. గర్భిణులకు మాత్రం ఇవ్వకూడదని మా దుకాణంలో గట్టి కట్టుబాటు. అందుకే ఎవరికని అడగందే తూకం వెయ్యను.

"దూడకు బిడ్డా. కడుపు మంచిగ లేదు," అన్నాడు. మెత్తగా దంచి, బట్టలో జల్లించి ఇమ్మన్నాడు. గిరాకీ మీదున్నాను, అలాగే చేసిచ్చేశాను.

అతను వెళ్లాక ఆ బట్ట దులుపుతుంటే సంగతి తట్టింది. దూడకైతే కచ్చాపచ్చాగా నలిపి బెల్లంలో పెట్టి మింగిస్తారు. జల్లించిన పొడి మనిషి కోసమే. తనకో భార్యకో అయితే నా దగ్గర దాచడమెందుకు? ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి కోడలు స్వప్న. ఆమెకు ఐదో నెల.

పక్క దుకాణం భాయ్‌ని గల్లా చూడమని పరుగెత్తాను. బోనాల ముందు రోజులు, సందంతా జనం. యాదయ్య మీద, అంతకంటే నా మీద మండిపడుతూ తోసుకుంటూ పోయాను.

స్వప్న అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో గ్లాసు. మెడ మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. గ్లాసు లాక్కుని, తాగావా అని అడిగితే, ఇంకా లేదంది. అందులోది అరుగు కింద పారబోశాను.

దూడకని నాకెందుకు చెప్పావని, లోపలినుంచి వచ్చిన యాదయ్యను నిలదీశాను. మచ్చ సంగతి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని భయపడ్డాడట. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది పనికిరాదని తెలియనే తెలియదట.

స్వప్న లేచి నిలబడింది. "ఈ అక్కకేమో దూడకన్నరు, నాకు బలం మందన్నరు. మచ్చ నాది, కడుపు నాది. నన్నొక్క మాట అడగొద్దా మామా?"

మర్నాడు యాదయ్యే కోడల్ని చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ తర్వాత నేను "ఎవరికి" అని అడిగి ఊరుకోవడం మానేశాను. తాగే మనిషినే తీసుకురమ్మంటాను. విసుక్కుని వేరే దుకాణానికి పోయేవాళ్లు పోతారు. ఎవరి గొంతులోకి దిగుతుందో వాళ్లు ఒప్పుకున్నారని వాళ్ల నోటినుంచే వినకుండా కాలీజీరీ పొట్లం కట్టడానికి ఇప్పటికీ నా చేతులు రావు.