రెండో భాగంలో ఒక్కరికే చోటు

సుల్తానాబాద్ శివార్లలోని ఒక రైస్ మిల్లు గేటు పక్కన లారీలను తూచే ధర్మకాంట ఉంది. వడ్ల లారీలు లోపలికి వస్తూ, బియ్యం లారీలు బయటికి పోతూ ఆ ఇనుప పలక మీద ఆగుతాయి. పక్కనున్న చిన్న గదిలో కూర్చుని వినోద బరువు చూస్తుంది, చీటీ కొట్టి కిటికీలోంచి డ్రైవరు చేతికిస్తుంది. ఆరేళ్లుగా అదే పని. వినోద చేతిలో తూకం తప్పిందని ఆ ఆరేళ్లలో ఒక్కరూ అనలేదు.

ఆగస్టులో ఒక గురువారం మాత్రం అనిపించుకుంది.

"బిడ్డా, నా లారీ ఉత్తదే ఇరవై ఎనిమిది టన్నులున్నదా? లోపల ఏనుగు గిట్ల పండుకున్నదా ఏంది?" అన్నాడు డ్రైవరు నాగయ్య, చీటీని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

ముందు లారీ బరువే ఈ లారీకీ రాసేసింది. "తప్పైంది కాకా" అని చీటీ మార్చి ఇచ్చింది గానీ, కళ్లు మళ్లీ ఫోను మీదికే పోయాయి. ఐదు నిమిషాల కిందటే ఫోనులో ఒక వీడియో చూసింది. రెండేళ్లుగా ఎదురుచూస్తున్న 'కాపర్ కామెట్' రెండో భాగం వీడియో అది. అందులో నక్షత్రాలు మెరిశాయి, కొత్త ఓడ కనిపించింది, సంగీతం మోగింది. చివర్న నల్లటి తెర మీద ఒక్క వాక్యం పడింది: ఈసారి ప్రయాణం ఒక్కరిదే.

కాపర్ కామెట్ ఫోనులో ఆడే ఆట. మనుషులు భూమిని విడిచి గ్రహాల మీద బతికే కాలం అది. పాత సరుకుల ఓడ ఒకటి మన చేతికి వస్తుంది. దారిలో తగిలిన వాళ్లతో మనం ఆడే మాటను బట్టీ, నిలబెట్టుకునే మాటను బట్టీ కథ మలుపులు తిరుగుతుంది. ఓడకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు నడపాలి, ఒకరు ఇంజను చూసుకోవాలి. ఆ ఇద్దరూ ఎక్కడెక్కడ ఉన్నా చెవిలో మైకు పెట్టుకుని మాట్లాడుకుంటూ ఆడొచ్చు. ముప్పై ఏళ్ల ఆడమనిషి కాంటలో కూర్చుని గ్రహాల మధ్య ఓడ నడపడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. అసలు సంగతి తెలిస్తే ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

వినోద పెళ్లయి ఐదేళ్లు. భర్త అరుణ్‌కుమార్ పెళ్లయ్యాక నలభై రోజులు ఇంట్లో ఉన్నాడు. తర్వాత మస్కట్ వెళ్లిపోయాడు. అక్కడ ఒక కంపెనీలో ఏసీలు బాగుచేసే పని. శుక్రవారం సెలవు కాబట్టి ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేస్తాడు. గల్ఫ్ నుంచి వచ్చే ఫోను ఒక మనిషిది కాదు, వాడకట్టుది. ముందు తల్లి కమలవ్వ మాట్లాడుతుంది. ఆమె స్పీకరు పెడుతుంది. వాకిట్లోకి ఎవరొస్తే వాళ్లు "ఎట్లున్నవ్ రా" అంటారు. అందరి చేతులూ తిరిగి ఫోను వినోద దగ్గరికి వచ్చేసరికి మాటలన్నీ అయిపోయి ఉంటాయి, ఎనిమిది మంది మాత్రం చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటారు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

అంతే. విడిగా ఫోను చేసుకున్న రోజుల్లో కూడా ఈ మూడు ముక్కలు దాటి ముందుకు పోలేదు. ఆ మనిషి తీరే అంత. నోట్లో ముత్యాలు దాచుకున్నట్టు ఉంటాడు. వీడియో కాల్‌లో ఎదురుగా కనిపిస్తే ఇంకా కష్టం, ఆమెను చూడలేక పక్కన గోడను చూస్తాడు. మూడో ఏడు వచ్చేసరికి వినోదకు తన మొగుడు ఎలాంటివాడో తెలియదన్న సంగతి తెలిసింది.

అప్పుడు, రూములో పక్కమంచం అతను ఆడుతుంటే చూసి, అరుణ్‌కుమార్ ఈ ఆటను లింకు పంపి భార్య ఫోనులో కూడా ఎక్కించాడు. ఓడ నడపడం వినోదకు వచ్చింది, ఇంజను అతనికి. ఆటలో తన పేరు 'బాతు' అని పెట్టుకున్నాడు. మొదటిరోజే వినోద ఓడను తీసుకెళ్లి బండకు కొట్టింది. చెవిలో అతని నవ్వు వినిపించింది. పెళ్లి ఫోటోల్లో కూడా లేని నవ్వు అది.

ఆనాటి నుంచి శుక్రవారం రెండున్నరకు, ఆమె అన్నం తినే వేళకు, కాంట గది తలుపు మూసుకునేది. మంత్రం వేసినట్టు అతని నోరు తెరుచుకునేది. చెయ్యి ఇంజను మరలు బిగిస్తూ ఉంటే మాట దానంతట అదే జారేది. లిఫ్టులో గంటసేపు ఇరుక్కుని ఏడ్చానని చెప్పాడు. ఒకసారి రాళ్ల వాన మధ్యలోంచి ఓడ పోతుంటే, మామూలుగా చెప్పినట్టు ఇలా అన్నాడు:

"బాపు సచ్చిపోయిన దినం నన్ను రానియ్యలే గదా. గా దినం నేను పనికే పోయిన. ఎవ్వలికి చెప్పలే. నాలుగు ఏసీలు సాఫ్ చేసిన."

"ఎడమకు తిప్పుతున్న, గట్టిగ పట్టుకో" అంది వినోద. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, ఓడ మాత్రం వంకర పోలేదు. ఆ రోజు ఆమె తన మొగుణ్ని నిజంగా ప్రేమించింది.

ఇప్పుడు రెండో భాగంలో ఒక్కరికే చోటట.

'కాపర్ కామెట్ తెలుగోళ్లు' అని వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. మూడువందల నలభై మంది. దాన్ని నడిపేది బెల్లంపల్లిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే భానుప్రసాద్. వీడియో వచ్చిన ఆ రాత్రి నుంచి గ్రూపు సంతలా మారింది. ఓడకు మన ఇష్టం వచ్చిన రంగు వేసుకోనివ్వాలని ఒకరు. పాత ఆటలో మనం బతికించిన మనుషులు కొత్తదాంట్లో గుర్తుపట్టాలని ఒకరు. హీరో ముఖం వాళ్లే చేసి ఇవ్వడమేమిటి, మన ముఖం మనం చేసుకోవద్దా అని ఇంకొకరి ఏడుపు. నీలి చర్మం వ్యాపారి గొంతు మార్చారని ఒక పెద్దమనిషి అన్నం మానేశానని రాశాడు. ఆట బరువుకు పాత ఫోన్లు ఆగవని సగం మందికి దిగులు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని ఆటలో ఏ ముగింపు మంచిదో కూడా కొట్టుకున్నారు.

వినోద ఒక్కటే రాసింది: "ఇద్దరాట ఎందుకు తీసేసిండ్రు?"

"అక్కా, ఇద్దరుంటే కథ కరాబైతది. ఒక్కడుంటేనే కథల జీవముంటది" అని భానుప్రసాద్ జవాబు.

"మొదటి దాంట్ల ఇద్దరున్నరు గదా, గది కరాబైందా?"

"గది వేరక్కా."

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని ఎవరో నవ్వుబొమ్మ పెట్టారు. వినోదకు ఒళ్లు మండింది. ఫోను బోర్లించి పెట్టింది. నిమిషం ఆగలేక మళ్లీ తిప్పింది.

పాతదే ఆడుకుంటే సరిపోతుందని సర్దిచెప్పుకునే లోపే రెండో దెబ్బ పడింది. కొత్త ఆట వచ్చే రోజే పాతదాన్ని పూర్తిగా ఆపేస్తారట. నవంబరు ఇరవై ఎనిమిది, శుక్రవారం, మన టైము ప్రకారం పగలు మూడు గంటలకు.

అక్కణ్నుంచి ఆమెది కాలు కాలిన పిల్లి తిరుగుడే. కాంట గదిలోంచి గేటు దాకా, గేటు నుంచి గది దాకా. ఇంట్లో పొయ్యి మీద కూర పెట్టి ఫోను పట్టుకుంటే మాడు వాసన కమలవ్వకు ముందు తగిలేది. "గా ఫోన్ల ఏమున్నది బిడ్డా, పరేషాన్ పరేషాన్ అయితున్నవ్?" అని అడిగేది. అత్తకు ఏమని చెప్పాలి? నీ కొడుకు నీతో నాలుగు మాటలు, నాతో గంట మాట్లాడతాడు, ఆ గంట పోతున్నదని చెప్పాలా?

ఆట తయారుచేసిన కంపెనీకి అర్జీ పెడదామని గ్రూపులో పోరింది. చివరికి భానుప్రసాదే మెత్తబడి ఫోను చేశాడు.

"సరే అక్కా, పెడదాం. ఇద్దరాట మీకు ఎందుకు గావాల్నో మంచిగ రాయుండ్రి. మనసుకు తాకాలె."

రాసింది, చెరిపేసింది. మళ్లీ రాసింది. 'మా ఆయన నాతో మాట్లాడేది ఇందులోనే' అన్న ముక్కను మూడువందల నలభై మంది మగపిల్లల ముందు ఎలా పెట్టడం? చివరికి 'ఇద్దరు ఆడితే మజా ఉంటది' అని పంపింది. అది చదివి భానుప్రసాద్ "గింతేనా అక్కా?" అన్నాడు. రెండువందల పన్నెండు సంతకాలు పడ్డాయి. మీ అభిమానానికి కృతజ్ఞతలని కంపెనీ నుంచి రెండు లైన్లు వచ్చాయి.

ఆ మూడు నెలలూ శుక్రవారం రెండున్నర అయ్యేసరికి ఆమె కడుపులో ఉన్నదంతా బాతు పేరున్న మొగుడి మీద కుమ్మరించేది. సంతకాలు ఇన్నయ్యాయి, భానుప్రసాద్ ఇలా అన్నాడు, కంపెనీవాళ్లు దొంగలు. అతను ఊఁ కొట్టేవాడు. ఒకసారి మాత్రం "పోనీ తియ్, ఆటనే గదా" అన్నాడు. వినోదకు గుండెలో ముల్లు దిగినట్టయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆ రోజు ఓడను మధ్యలోనే ఆపి లేచిపోయింది.

అక్టోబరు చివర్లో అతనే సెలవు సంగతి చెప్పాడు. "చుట్టీ దొరికింది. వచ్చే నెల వస్తున్న."

కమలవ్వ వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది. వినోదకు సంతోషం కంటే ముందు భయం వచ్చింది. ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడతాడు? తనేం మాట్లాడుతుంది?

వచ్చాడు. చిక్కిపోయి వచ్చాడు. చుట్టాలు వచ్చి సబ్బులు, ఖర్జూరాలు పట్టుకుపోయారు. పది రోజులు గడిచాయి. అతను మంచం మీద కూర్చుంటాడు, లేస్తాడు, రోడ్డు దాకా పోయి వస్తాడు. ఫోను మోగితే పెరట్లోకి పోతాడు. ఆమె అన్నం పెడితే తింటాడు. "ఇంకింత ఏస్తనా?" అంటే "సాలు" అంటాడు.

"మీరిద్దరు కొట్లాడుకున్నరా ఏంది?" అని కమలవ్వ వంటింట్లో చెవిలో అడిగింది.

"లేదత్తా."

"కొట్లాడుకున్నా నయ్యముండు. గీ సప్పుడు లేకపోవుడు ఏంది?"

నవంబరు ఇరవై ఎనిమిది వచ్చింది. కోతలు ముగుస్తున్న రోజులు, మిల్లు గేటు బయట వడ్ల లారీలు బారులు తీరి ఉన్నాయి. రెండుంపావుకు అరుణ్‌కుమార్ నడుచుకుంటూ కాంట గదికి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి "ఆఖరుసారి ఆడుదామా?" అన్నాడు. వినోద తలుపు మూసింది. ఒకే గదిలో రెండు ఫోన్లు, రెండు మైకులు. చెవులు చిల్లులు పడేలా కూత లేచింది. రెండుసార్లు ప్రయత్నించారు, అదే కూత. "నేను అవుతలికి పోత" అని అతను గది వెనక్కి వెళ్లి, గోడవారగా వేసి ఉన్న ఖాళీ బస్తాల మీద కూర్చున్నాడు. ఇప్పుడు చెవిలో గొంతు తేటగా వచ్చింది.

ఈసారి వినోద కంపెనీని తిట్టలేదు. తిట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. ఊరికే ఓడ నడిపింది. అతను ఇంజను బిగించాడు. చాలాసేపటికి, మూడు కావడానికి అర నిమిషముందనగా, "వినోదా, నీకొకటి చెప్పాలె" అన్నాడు.

"చెప్పు."

"నేను వచ్చింది చుట్టీ మీద..."

తెర తెల్లబడింది. ఇన్నాళ్లు ఆడినందుకు ధన్యవాదాలని అక్షరాలు వచ్చాయి. చెవిలో ఏమీ లేదు.

ఆమె ఒక్క ఉదుటున లేచి వెనక కిటికీ గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"తియ్యకు" అన్నాడు గోడ అవతల నుంచి. "గట్లనే ఉండు. నీ మొఖం చూస్తే నాకు చెప్పరాదు."

చెయ్యి గొళ్లెం మీదే ఆగింది.

"చుట్టీ కాదు. మా కంపెనీ మూసేసిండ్రు. ఆగస్టులనే పని పోయింది. మూడు నెలలు ఖాళీగ రూముల కూసున్న. ఇగ వాపస్ పోవుడు లేదు. అవ్వకు ఎట్ల చెప్పాల్నో సమజయితలేదు."

"ఆగస్టు నుంచా?" అంది వినోద. "ప్రతి శుక్రవారం ఆడినం గదా! ఒక్కనాడన్న నాకు చెప్పలేకపోయినవా?"

గోడ అవతల ఖాళీ బస్తాలు కదిలిన చప్పుడు వచ్చింది.

"చెప్దామనే వస్తుంటి. నువ్వు గా పార్ట్ టూ గురించి, సంతకాల గురించి చెప్తనే ఉంటివి. నడుమ నాకు సందు దొరకలే."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందుకే అది వినోదకు నేరుగా తగిలింది. అతను మాట్లాడే ఆ ఒక్క గంటను కాపాడాలని మూడు నెలలు అందరితో కొట్లాడింది. ఆ మూడు నెలలూ ఆ గంటలో తానొక్కతే మాట్లాడింది.

ముందు కిటికీ వైపు హారన్లు మొదలయ్యాయి. నాగయ్య లారీ దిగివచ్చి కిటికీ చట్రం మీద తట్టాడు.

"బిడ్డా, కాంట నడుస్తలేదా?"

"నడుస్తలేదు కాకా. జర ఆగుండ్రి."

ముందు కిటికీ కూడా వేసేసి, వెనక గోడకు వీపు ఆనించి కింద కూర్చుంది.

"చెప్పు" అంది. "ఇగ నేనేం మాట్లాడ."