ఊడుపుల్లో ఆగిన రూతు కథ

రామచంద్రపురం పక్క పల్లెలో సంపూర్ణమ్మ ఇరవై రెండేళ్లుగా లూథరన్ సంఘానికి బైబిలు స్త్రీ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే ఉద్యోగం. ఏ ఇంటికి వెళ్లినా కూర తరిగే వాళ్ల పక్కన చతికిలబడి, నాలుగు వంకాయలు తరిగిపెట్టి, ఆ తర్వాతే వాక్యం ఎత్తుకోవడం ఆవిడ పద్ధతి.

తొంభై ఎనిమిదిలో యెహెజ్కేలుగారని కొత్త పాస్టరు వచ్చారు. చిన్న వయసు, మడత నలగని తెల్లప్యాంటు, బోలెడు ఉత్సాహం. వస్తూనే మైకుసెట్టు తెప్పించి, "ఇంక ఊరంతటికీ ఒకేసారి వినపడుద్దండి. ఇల్లిల్లూ తిరగడం దేనికి? ఆదివారం కమిటీలో ఈ ఉద్యోగం తీసేద్దాం" అన్నారు. జీతం మాట అటుంచండి, నలుగురి గడప తొక్కకపోతే సంపూర్ణమ్మకు పొద్దు గడవదు.

ఆ వారమే స్త్రీల సభలు పెట్టారు, మధ్యాహ్నం మూడింటికి! సార్వా వరి ఊడుపుల్లో ఊరంతా చేలో ఉంటే, ఆ వేళకు ఇంట్లో ఉండేదెవరు, బాలింతలు తప్ప? అయ్యగారు పాపం రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి. మొదటిరోజు ఆయన దంచి ప్రసంగిస్తే విన్నది ఇద్దరు ముసలమ్మలు. వాళ్లలో ఒకావిడ గుర్రుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే సంపూర్ణమ్మ చీర ఎగదోపి చేలో దిగింది. నారు నాటుతూ బైబిల్లోని రూతు కథ మొదలుపెట్టింది. మొగుడు పోయినా అత్తను వదలని కోడలు, పరాయి ఊళ్లో కోసిన చేలో పరిగె ఏరుకొచ్చి ఆ అత్తకు అన్నం పెట్టిన కోడలు! వరసంతా చెవులప్పగించింది. చేను ఆసామి ఆ పిల్లను చూసి ఎవరని అడిగిన చోట సంపూర్ణమ్మ ఠక్కున ఆపేసింది.

"అప్పుడేమైందండి?" అంది కూలీల పెద్ద అప్పాయమ్మ.

"సాయంత్రం ఆరింటికి చర్చి దగ్గరికి రండి, చెప్తాను."

తిన్నగా పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, సభను సాయంత్రానికి మార్పించింది. ఆరయ్యేసరికి కాళ్ల బురదైనా ఆరకుండా అరవై మంది దిగారు. పాస్టరుగారు సంబరపడిపోయి, లోకాంతం సంగతులు చెప్పే ప్రకటన గ్రంథం తెరిచారు. అప్పాయమ్మ లేచి నిలబడింది.

"అది తర్వాత చెబుదురుగాని అయ్యగారూ! ముందు ఆ పిల్లకి మళ్లీ పెళ్లయిందా లేదా?"

చాపల మీది ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. పాస్టరుగారి ముఖం కందిపోయింది. కాసేపటికి ఆయనకూ నవ్వాగలేదు. మైకు సంపూర్ణమ్మ చేతికిచ్చి, తాను చాపమీద కూర్చుని పెళ్లిదాకా విన్నారు.

ఆదివారం కమిటీలో సంపూర్ణమ్మ వెనక బెంచీలో కూర్చుంది. పాస్టరుగారు లేచారు.

"ఉద్యోగం తీసేద్దామన్నది నా తెలివితక్కువండి. వినేవాళ్లు ఏ వేళ ఎక్కడుంటారో ఈవిడకి తెలిసినట్టు నాకు తెలీదు. ఒక నెల నన్ను ఈవిడ దగ్గర ట్రైనింగుకి పంపండి."

సంపూర్ణమ్మకు కన్నీళ్లు ఆగలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని గొంతు సవరించుకుంది.

"రేపు పొద్దున్నే ఆరింటికల్లా చేలో ఉండాలండి అయ్యగారూ. ఆ తెల్లప్యాంటు మాత్రం వద్దు."