లాడ్జి అవ్వ పలకరింపు

ఆ రోజుల్లో వెబ్‌సైట్ అంటే చప్పుడు చెయ్యకుండా ఉండకూడదని మా గట్టి నమ్మకం. తిరుపతికి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తున్న కాలం. పేజీ తెరవగానే అక్షరాలు మిణుకుమిణుకుమనాలి, స్వాగతం అనే మాట ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాలి, వెనకాల ఏదో ఒకటి మోగాలి. ఇవేవీ లేకపోతే పని చేయించుకున్నవాళ్ళు ‘ఇంకా అవలేదా’ అని అడిగేవాళ్ళు. డిగ్రీ అయ్యాక చిన్న కోర్సు చేసి, బస్టాండు దగ్గర ఓ మేడ మీది కంప్యూటర్ సెంటర్లో నేను వెబ్ డిజైనర్‌గా చేరాను. (మా నాయన చుట్టాలతో నేను టీవీ లాంటిదాంట్లో బొమ్మలేస్తానని చెప్పుకునేవాడు. అంతకన్నా బాగా నేనూ చెప్పలేకపోయేదాన్ని.)

నాకు దొరికిన మొదటి పెద్ద పని ఓ లాడ్జి వెబ్‌సైటు. ఓనరుని అందరూ లాడ్జి అన్న అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన తల్లి, అందరికీ అవ్వ, కౌంటర్ పక్కనే పేము కుర్చీలో కూర్చుని ఉండేది. చూపు బాగా తగ్గిపోయింది. అడుగుల చప్పుడు వినబడితే చాలు, ‘ఎవురు నాయనా వచ్చినేది?’ అని అడిగేది. వచ్చినవాళ్ళలో సగంమంది అద్దె విని, నోరు మెదపకుండా జారుకునేవాళ్ళు. అందుకని అవ్వ కాసేపు ఆగి, రెండో ప్రశ్న వేసేది: ‘పలకవేంది? ఉండావా, పోయినావా?’ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే వరస.

సైటు తెరవగానే తన తల్లి గొంతు స్వాగతం చెప్పాలని అన్న ముచ్చటపడ్డాడు. మైకు పట్టుకెళ్ళి అవ్వ నోటి ముందు పెట్టాను. ఆమె అది ఫోననుకుంది. ‘ఎవురు నాయనా వచ్చినేది?’ అంది. మైకు పలకలేదు. అవ్వ చాలాసేపు ఎదురుచూసి, తన రెండో ప్రశ్న కూడా వేసేసింది. మళ్ళీ రికార్డు చేద్దామని నేనంటే అన్న ఒప్పుకోలేదు. మాయమ్మ మాట్లాడినట్టే ఉండాది, అట్లే పెట్టు అన్నాడు. నేనూ మధ్యలోని ఆ నిశ్శబ్దాన్ని కత్తిరించకుండా, పేజీ మూసేదాకా మళ్ళీ మళ్ళీ మోగేలా పెట్టేశాను. నా ప్రతిభకు నేనే మురిసిపోయాను.

కొన్ని నెలలకు, ఓ మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న అవ్వ ఇక లేవలేదు. కర్మలు అయ్యాక అన్న మళ్ళీ కౌంటర్లో కూర్చున్నాడు. పక్కన పేము కుర్చీ ఖాళీగా ఉంది, దాని వెనక కంప్యూటరు. ఏదో చూడబోయి సైటు తెరిచాడు. ‘ఎవురు నాయనా వచ్చినేది?’ అని ఖాళీ కుర్చీ వైపు నుంచి వినిపించింది. దుప్పట్లు మోసుకెళ్తున్న పనివాడు వాటిని అక్కడే పడేసి రోడ్డెక్కాడు. అప్పుడే దిగిన ఓ కుటుంబం, కట్టిన అద్దె వెనక్కి అడగకుండానే ఖాళీ చేసి వెళ్ళిపోయింది. (తిరుపతి లాడ్జీల్లో ఇంతకన్నా భయంకరమైన విషయం జరిగి ఉండదు.) అన్న ఇంట్లోవాళ్ళు భయపడిపోతున్నారని, ఆ గొంతు జాడ కూడా ఉండకూడదని నాకు కబురొచ్చింది. సైట్లోంచి తీసేశాను. మా సెంటర్ కంప్యూటర్లోంచి కూడా తీసేశాను. తెర మీది చెత్తబుట్ట బొమ్మనీ ఖాళీ చేశాను. నాకూ భయం లేకపోలేదు.

మర్నాడు అన్న ఫోన్ చేశాడు. "పాపా, తీసేసినానంటివే. మాయమ్మ ఇంకా పలకతానే ఉండాది."

వెళ్ళి చూశాను. నిజమే. నా చేత్తో చెరిపేసిన గొంతు, మిట్టమధ్యాహ్నం, నన్ను పట్టుకుని ఎవరని అడుగుతోంది. తర్వాత ఆ నిశ్శబ్దం. ఆ కాసేపు ఫ్యాను తిరగడం కూడా వినిపించింది. జవాబు చెప్పాలనిపించింది. మా సెంటర్ సారుకి ఫోన్ చేస్తే ఆయన విరగబడి నవ్వాడు. ఒకసారి చూసిన పేజీని కంప్యూటరు తన దగ్గర దాచిపెట్టుకుని, మళ్ళీ అడిగినప్పుడు ఆ పాతదే చూపిస్తుందట. దాన్ని క్యాష్ అంటారట, ఖాళీ చేస్తే సరిపోతుందట. చేశాను. కుర్చీ మూగబోయింది. ఆ రోజు నుంచి నేను కనబడ్డ ప్రతివాళ్ళకూ క్యాష్ ఖాళీ చెయ్యండని చెప్పే ప్రచారకురాలినైపోయాను. మంచినీళ్ళు అడిగినవాళ్ళకి కూడా అదే చెప్పేదాన్నేమో.

కొన్ని వారాల తర్వాత లాడ్జి అన్న మా మేడ మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఫొటోలుండాయి పాపా. అవి పలకవు గదా. మాయమ్మ గొంతు యాడన్నా మిగిలిందేమో సూడు."

ఆమె గొంతు ఏ క్యాసెట్టులోనూ లేదు. ఉన్న ఒక్కదాన్నీ వెతికి వెతికి తుడిచినదాన్ని నేనే. సైటు ఇంకెక్కడ చూశారని అడిగితే, చంద్రగిరిలో తన బావమరిది ఓ నెట్ సెంటర్లో నలుగురికీ చూపించి గొప్పలు పోయాడని చెప్పాడు. ఆయన స్కూటరు వెనక కూర్చుని బయల్దేరాను. అన్ని నెలల్లో ఎంతమంది వాడి ఉంటారు, పాతవి ఎప్పుడో పోయి ఉంటాయి. దారిపొడుగునా ఆ మాట ఆయనకి చెప్పలేకపోయాను.

ఆ సెంటరు నడిపే మీసాలాయన మమ్మల్ని అనుమానంగా చూసి, మూల కంప్యూటరు వైపు చెయ్యి చూపించాడు. దాని మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ మీద నిమ్మకాయ.

"దాని జోలికి పోవద్దబ్బా. ఎవురో ముసలామె అడగతాది, ఉండావా పోయినావా అని. అప్పట్నించి దాని ముందర ఎవురూ కూసోలేదు."

బావమరిది ఆ పేజీ మూయకుండానే వెళ్ళిపోయి ఉంటాడు. ఎవరూ కూర్చోలేదు. అంటే ఎవరూ ఏదీ చెరపలేదు. దెయ్యం భయమే ఆ గొంతుని కాపాడింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నెట్ తగిలితే కొత్త పేజీ వచ్చి పాతది పోతుందని, ముందు టెలిఫోన్ తీగ పీకేశాను. దాచిన ఫైళ్ళలో వెతికి, దొరికిన పేజీనీ గొంతునీ ఫ్లాపీలోకి కాపీ చేశాను. (ఆ ఫ్లాపీని పట్టుకున్నంత భక్తిగా నేను ప్రసాదం కూడా పట్టుకోలేదు.) అప్పుడు పేజీ తెరిచాను.

‘ఎవురు నాయనా వచ్చినేది?’

అన్న కుర్చీలో కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. నిశ్శబ్దం. మీసాలాయన గుమ్మం దాటేశాడు. ‘పలకవేంది? ఉండావా, పోయినావా?’

"ఈడే ఉండానమ్మా," అన్నాడు అన్న. "యాడికీ పోలేదు."

మళ్ళీ మొదటి ప్రశ్న రావాలి. పేజీ మూసేదాకా ఆగకుండా మోగేలా పెట్టింది నేనే కదా. రాలేదు. కరెంటు ఉంది, స్పీకరు మీద పచ్చ దీపం వెలుగుతోంది, పేజీ తెరిచే ఉంది. చాలాసేపు చూశాం. అవ్వ ఇంక అడగలేదు. అన్న కళ్ళు తుడుచుకుని, పోదాం పద పాపా అన్నాడు. అదే ఫ్లాపీ లాడ్జిలో పెడితే ఎప్పటిలాగే ఆగకుండా మోగింది. ఆ రోజు చంద్రగిరిలో ఎందుకు ఆగిందో ఇప్పటికీ నాకు తెలియదు. చాలాకాలం వెతికి, ఆ తర్వాత వెతకడం మానేశాను.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి నేను చెప్పే మొదటి మాట, అడక్కుండా మోగే శబ్దం ఏ పేజీలోనూ పెట్టవద్దని. రెండోది, ఏది చెరిపినా ముందు ఒక కాపీ దాచమని. ఇవన్నీ ఏ పుస్తకంలోనో చదివి చెప్తున్నానని వాళ్ళ నమ్మకం. ఆన్‌లైన్ మీటింగుల్లో అవతలివాళ్ళు ఉన్నట్టుండి మాట్లాడకపోతే నేను ‘ఉండారా, పోయినారా?’ అంటాను, అందరూ నవ్వుతారు. ఒక్కోసారి జవాబు రావడం ఆలస్యమవుతుంది. అప్పుడు, టెలిఫోన్ తీగ చేత్తో పట్టుకుని మూల కంప్యూటరు ముందు బిగుసుకుపోయిన ఆనాటి నేనే గుర్తొచ్చి నవ్వుకుంటాను. నవ్వుకుంటాను గానీ, జవాబు వచ్చేదాకా పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు మాత్రం చూడను.