ఎదురుగానే ఉన్న బడి

నా చిన్నప్పుడు మా పేట బడి ఒక్క తాటాకు పాక. ఒకటి నుంచి ఐదు దాకా అందరికీ ఒక్కరే పంతులమ్మగారు. కాలువ అవతలి గట్టు మీద పెద్ద పెంకుటి బడి ఉండేది. అక్కడ గంట కొడితే మాకు వినబడేది, పిల్లలు వరసలో నిలబడితే కనబడేవారు కూడా. అలా కనబడటమే మా కొంప ముంచబోయింది.

ఒక వానాకాలం పొద్దున ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు, మెరిసే బూట్లు. మా పాక చూసి, కాలువ అవతలికి చూసి, ఇంత దగ్గర్లో అంత బడి పెట్టుకుని ఇక్కడ ఇంకొకటి దండగ, మూసేసి పిల్లల్ని అక్కడికి పంపేయండి అన్నారు. కూలికెళ్ళే మా అమ్మలు గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. తెల్ల ప్యాంటు ముందు మాకప్పుడు నోరెక్కడిది?

పంతులమ్మగారూ ఎదురు చెప్పలేదు. "అలాగేనండి. ఇవాళే తీసుకెళ్ళి చేర్పిద్దాం. తమరు కూడా వస్తే అక్కడి హెడ్మాస్టరుగారు కాదనరు" అన్నారు. ఎదురుగానే ఉంది కదా అని ఆయన హుషారుగా బయల్దేరారు.

కాలువ దగ్గరికెళ్ళాక వంతెన ఏదని అడిగారు. అడ్డంగా వేసిన తాటిదుంగ మీంచి నీళ్ళు పారుతున్నాయి. వంతెన లాకుల దగ్గరుందని పంతులమ్మగారు గట్టు వెంట దూరంగా చెయ్యి చూపించారు. అక్కడిదాకా వెళ్ళి, దాటి, అవతలి గట్టు మీద మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. మా అందరి ముందూ వెనక్కి తగ్గడానికి ఆయనకి మొహం చెల్లలేదు. కాసేపటికే బూట్లు చేతిలోకి వచ్చాయి. ఒకటో తరగతి దాన్ని, నేను సగం దారిలో కూలబడి ఏడ్చాను. పంతులమ్మగారు నన్ను ఎత్తుకోలేదు. ఆయన వంకే చూస్తూ నిలబడ్డారు. చివరికి ఆయనే ఎత్తుకున్నారు. నా కాళ్ళ బురదంతా ఆ తెల్ల ప్యాంటుకే అయింది.

మేం చేరేసరికి అక్కడ మధ్యాహ్నం గంట కొడుతున్నారు. ఆయన మంచినీళ్ళు తాగి, పిల్లలు రోజూ ఇంత దూరం ఎలా నడుస్తారమ్మా అన్నారు.

"నడవరండి. మానేస్తారు" అన్నారు పంతులమ్మగారు.

మా బడి నిలబడింది. నాకు నాలుగక్షరాలు వచ్చాయంటే అందువల్లే.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఒళ్ళు మండిపోతోంది. మా మనవరాలు మూడో తరగతి. పేట బడిలో మూడు నుంచి ఐదు దాకా తీసేసి, అవతలి గట్టు హైస్కూల్లో కలిపేస్తారట. కిలోమీటరు లోపేనట! ఎవరు కొలిచారని ఆఫీసుకెళ్ళి అడిగితే, అక్కడాయన ఫోన్‌లో మ్యాప్ చూపించారు. గీత తిన్నగా కాలువ మీంచే పోయింది. వీళ్ళు చదువు చెప్పేది పిల్లలకా, కాకులకా? తాటిదుంగ ఎప్పుడో కొట్టుకుపోయింది. లాకుల వంతెన నిండా ఇసుక లారీలు. ఆ లారీల మధ్య ఆడపిల్లని పంపను, చదువు మాన్పించి ఇంట్లోనే ఉంచుకుంటానని మా కోడలు అప్పుడే తేల్చేసింది. దాన్ని ఏమనగలను?

ఆఫీసులో గొంతు పోయేలా అరిచాను. తలెత్తి చూసినవాళ్ళు లేరు. తిరిగొస్తూ బస్సులో పంతులమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ ఆ రోజు ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు.

సోమవారం ఆఫీసరుగారు పేటకి వస్తున్నారు. పేచీ పెట్టను. అలాగేనండి అంటాను. మనవరాలి పుస్తకాల సంచీ ఆయన భుజాన తగిలించి, ఎదురుగానే ఉంది కదా, పదండి బాబూ అంటాను. నేనూ నడుస్తాను. నా మోకాళ్ళకి ఎలాగూ రోజూ నొప్పే. ఆయన మోకాళ్ళకి ఇంకా మొదలవ్వాలి.